గాలి ఎప్పుడు తిరుగుతుంది? విశాఖలో సముద్రగాలి, నా ఫోన్ బారోమీటర్, మా అమ్మ వడియాలు

బీచ్‌రోడ్ బాబు | మే 17, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నేను బ్యాంకు ఉద్యోగిని, వాతావరణ శాస్త్రం నాకు రాదు. ఇంట్లో జరిగిన చిన్న వాదన నన్ను ఇక్కడికి తెచ్చింది.

మేం ఉండేది విశాఖలో, సముద్రానికి కిలోమీటరున్నర దూరంలో, నాలుగో అంతస్తు. వేసవి వస్తే మా అమ్మ మేడ మీద వడియాలు పెడుతుంది. రోజూ పదిన్నర దాటగానే "గాలి తిరిగిందేమో చూడరా" అంటుంది. పొద్దున పడమటి వైపు నుంచి సన్నగా వచ్చే గాలి ఆగిపోతుంది. పావుగంటో ఇరవై నిమిషాలో చచ్చేంత ఉక్క. తర్వాత సముద్రం వైపు నుంచి మొదలవుతుంది. అలా తిరిగిన రోజు వడియాలు మెత్తబడతాయి. తిరగని రోజు సాయంత్రానికి గలగలలాడతాయి, మనుషులు మాత్రం మాడిపోతారు. మొన్న రెండు రోజులు అసలు తిరగలేదు.

అమ్మ అది దేవుడి దయ అంటుంది. నేను సైన్సు అన్నాను. "అయితే చెప్పు" అంది. అక్కడ దొరికిపోయాను.

నా ఫోన్‌లో గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఉంది. వారం రోజులు నోట్ చేశాను. ఉదయం పదింటికి 1001.8 హెక్టోపాస్కల్, సాయంత్రం నాలుగింటికి 998.1. రోజూ ఇంచుమించు ఇంతే, నాలుగుకు కొంచెం తక్కువగా పడుతోంది. అంటే రోజూ మా ఇంటి మీద చిన్న అల్పపీడనం ఏర్పడుతోందా? సముద్రగాలికి కారణం అదేనా?

---

మణికొండ మనిషి | మే 17, రాత్రి 10:05

సింపుల్ బ్రో. వేడి గాలి పైకి పోతుంది, కింద ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది. ఏడో తరగతి పాఠం. మీ రీడింగ్ దానికి రుజువు.

---

బీచ్‌రోడ్ బాబు | మే 17, రాత్రి 10:21

నేనూ అదే అనుకున్నాను అన్నా. కానీ ఇప్పుడే చూశాను, పీడనం మళ్లీ 1001 దాటింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చూసిన రోజు కూడా తక్కువే ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి ఏం వేడి ఉంటుంది?

---

పాత అబ్జర్వర్ | మే 18, ఉదయం 5:58

బాబూ, మీరు నాలుగింటికి లేచి చూశారు చూడండి, అది నాకు నచ్చింది. వాతావరణ శాఖలో ముప్పై ఏళ్లు ఇదే పని చేసి రిటైరయ్యాను. ఉదయం 5:30కి, సాయంత్రం 5:30కి బెలూన్ వదలడం, ఎనిమిదిన్నరకు తెల్ల పెట్టెలోని థర్మామీటర్లు చదవడం.

మీ పరిశీలన సరైనదే, అర్థం చెప్పుకోవడంలో పప్పులో కాలేశారు. మీరు చూసిన ఆ నాలుగు హెక్టోపాస్కల్స్‌లో ఎక్కువ భాగానికి మీ ఇంటితో, మీ సముద్రంతో సంబంధం లేదు. సముద్రానికి పోటు, పాటు ఉన్నట్టే వాతావరణానికీ ఉన్నాయి. పగలు ఎండను పై పొరల్లో ఓజోను, కింది పొరల్లో నీటి ఆవిరి పీల్చుకోవడం వల్ల భూమి చుట్టూ ఒక పెద్ద అల తిరుగుతుంటుంది. దాని వల్ల ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువ. తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. విశాఖలోనే కాదు, అనంతపురంలోనూ ఇంతే, నాగపూర్‌లోనూ ఇంతే. అన్ని చోట్లా ఇంచుమించు ఒకేలా పడితే ఇక గాలి ఎటు నుంచి ఎటు పోతుంది? తేడా ఉంటేనే కదా కదిలేది.

మా ఆఫీసులో పీడనాన్ని గీతగా గీసే బారోగ్రాఫ్ ఉండేది. డ్రమ్ము మీద కాగితం, వారానికోసారి మార్చడం. దాని మీద సిరా ముల్లు రోజుకు రెండు మూపులు గీసేది, ఒంటె వీపులాగా. తుఫాను దగ్గర పడుతుంటే ఆ మూపులు చెరిగిపోయి గీత కిందికి జారిపోయేది. అది చూస్తే మాకు టెన్షన్.

అందుకే ఉదయం పదింటి రీడింగును సాయంత్రం నాలుగింటిదానితో పోల్చకూడదు. ఇవాళ నాలుగింటిదాన్ని నిన్న నాలుగింటిదానితో పోల్చండి. మనవైపు సముద్రాల్లో ఓడల వాళ్లకు పాత సూత్రం ఒకటుంది. ఆ వేళకు ఉండాల్సినదాని కంటే 3 హెక్టోపాస్కల్స్ తగ్గితే అనుమానించు, 5 తగ్గితే తుఫాను దగ్గర్లోనే ఉందనుకో.

---

మణికొండ మనిషి | మే 18, ఉదయం 8:40

సార్, ఇది నిజంగా తెలియదు. కానీ సముద్రగాలి వేడి వల్లే కదా? అది కూడా తప్పేనా?

---

లెక్కల మాస్టారు | మే 18, ఉదయం 9:15

వేడి వల్లే. "ఖాళీ ఏర్పడుతుంది" అన్నది మాత్రం పుస్తకాల్లోంచి తీసేయాల్సిన మాట. గాలిలో ఖాళీ ఏర్పడదు.

వరస ఇలా ఉంటుంది. ఎండకు నేల కాలుతుంది, నేలను ఆనుకున్న గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. పొంగిన పాలు పైకి లేచినట్టు ఆ గాలి స్తంభం నిలువుగా సాగుతుంది. అప్పటికింకా నేల మీద పీడనం మారలేదు, ఎందుకంటే నెత్తి మీద గాలి బరువు అంతే ఉంది. కానీ కిలోమీటరు ఎత్తులో చూస్తే, సముద్రం మీద కంటే నేల మీద పీడనం కొంచెం ఎక్కువైంది. కాబట్టి గాలి ముందుగా కదిలేది పైన, నేల నుంచి సముద్రం వైపు. అలా పైన కొంత గాలి బయటికి పోయాక, అప్పుడు కింద బరువు తగ్గుతుంది. అప్పుడు కింద సముద్రం వైపు నుంచి గాలి లోపలికి వస్తుంది.

ఎంత తగ్గుతుందో అంచనా వేద్దాం. కిలోమీటరు మందం గాలి పొర మన మీద మోపే పీడనం సుమారు 110 హెక్టోపాస్కల్స్. నేల మీది గాలి 5 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకోండి. కెల్విన్‌లో సుమారు 300కి 5, అంటే అరవయ్యో వంతు పలచబడుతుంది. 110లో అరవయ్యో వంతు సుమారు 1.8. అది మహా అయితే. నిజానికి ఒక హెక్టోపాస్కల్ తేడా వచ్చినా గొప్పే. బీచ్‌రోడ్ బాబు గారి ఫోన్‌లో ఆ ఒక్క హెక్టోపాస్కల్, అబ్జర్వర్ గారు చెప్పిన పెద్ద అలలో కలిసిపోతుంది. విడిగా కనిపించదు.

ఒక్కటంటే ఒక్కటి సరిపోతుందా అంటారేమో. యాభై కిలోమీటర్ల దూరంలో ఒక హెక్టోపాస్కల్ తేడా ఉంటే, ఏ అడ్డూ లేకపోతే, గాలి నిశ్చల స్థితి నుంచి బయల్దేరి గంటలో గంటకు 22 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. నేల రాపిడి తీసేస్తే అందులో సగమో, కాస్త ఎక్కువో. మీ మేడ మీద తగిలే గాలి అదే.

---

ఉప్పాడ కెరటం | మే 18, ఉదయం 11:02

మాస్టారూ, మరి నేల కాలినంత నీళ్లు ఎందుకు కాలవు? విశిష్టోష్ణం అని చదివాను కానీ అంతేనా?

---

లెక్కల మాస్టారు | మే 18, మధ్యాహ్నం 1:30

మంచి ప్రశ్న. విశిష్టోష్ణం, అంటే ఒక కిలో పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావాల్సిన వేడి, సగం కథే. నీటికి అది ఎండు మట్టి కంటే నాలుగైదు రెట్లు. మిగతా సగం లోతులో ఉంది. ఇసుకలో ఎండ కాలేది పైన కొన్ని సెంటీమీటర్లే. మిట్టమధ్యాహ్నం బీచ్‌లో చెప్పుల్లేకుండా నడిచినవాడు కాలు ఇసుకలోకి దూరిస్తే చల్లగా ఉంటుంది కదా. నీళ్లలోనైతే ఎండ మీటర్ల లోతు దాకా దిగుతుంది, పైగా కెరటాలు కలియబెడుతుంటాయి. ఒకే గరిటెడు వేడిని నేల తన పైపొరకే రాసుకుంటుంది, సముద్రం గుండిగంతా కలుపుకుంటుంది. అందుకే సముద్రం పైభాగం రోజు మొత్తం మీద ఒక డిగ్రీ అటూ ఇటూ మారితే ఎక్కువ.

---

ఉప్పాడ కెరటం | మే 18, మధ్యాహ్నం 2:11

అర్థమైంది. మాది వేట కుటుంబం, నేను మాత్రం కాకినాడలో మొబైల్ షాపు. ఇప్పుడు ఎలాగూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం, అందరూ వలలు బాగుచేసుకుంటూ ఒడ్డునే ఉన్నారు. ఈ చర్చ చదివి వినిపిస్తే మా నాన్న నవ్వాడు.

మా తాత రోజుల్లో ఇంజన్లు లేవు. తెరచాపే. తెల్లవారుజామున రెండు, మూడింటికి తెప్ప తోసేవారట, ఎందుకంటే అప్పుడు నేల మీంచి సముద్రం మీదికి గాలి వీస్తుంది. మా ఇంట్లో దాన్ని కొండగాలి అంటారు. అది తెప్పను లోపలికి తీసుకుపోతుంది. మధ్యాహ్నం గాలి తిరిగాక చాప ఎత్తితే అదే ఒడ్డుకు తెచ్చి పడేస్తుంది. "పోను గాలి, రాను గాలి, మధ్యలో వేట" అనేవాడట.

రాత్రి గాలి బాగా బలహీనంగా ఉంటుంది. ఒడ్డున నిలబడితే బీడీ పొగ పోయే దిక్కు బట్టి తెలుసుకోవాలి, అంతే.

---

లెక్కల మాస్టారు | మే 18, సాయంత్రం 4:45

అవును, అదే వ్యవహారం రాత్రి తిరగబడుతుంది. నేల చల్లబడుతుంది, సముద్రం అలాగే ఉంటుంది. కానీ రాత్రి చల్లబడే గాలి పొర పలచన. పగలు వేడి కిలోమీటరు పైదాకా కలిసిపోతుంది, రాత్రి చలి వందో రెండొందలో మీటర్లలో ఉంటుంది. పొర పలచనైతే పీడనం తేడా తక్కువ, గాలీ తక్కువ. మీ తాత గారు ఈ లెక్క ఏమీ చేయకుండానే తెప్ప తోశారు, అది వేరే సంగతి.

---

రెంటచింతల ఎండ | మే 18, రాత్రి 8:20

మీరంతా సముద్రం పక్కన కూర్చుని ముచ్చట్లు చెప్పుకుంటున్నారు. మాకు ఏ గాలీ రాదు. పల్నాడులో మే నెల అంటే ఏమిటో మీకు తెలియదు. మా చుట్టాలది విజయవాడ. వాళ్లకు సముద్రం డెబ్బై కిలోమీటర్లు, అయినా సాయంత్రం ఆరు దాటాక ఒక్కోరోజు చల్లగాలి వస్తుందంటారు. మాకెందుకు రాదు?

---

పాత అబ్జర్వర్ | మే 19, ఉదయం 6:10

విజయవాడకు వచ్చేది ఉదయం మచిలీపట్నంలో బయల్దేరిన గాలే. దానికి ముందు ఒక అంచు ఉంటుంది. ఇటు వేడి పొడిగాలి, అటు చల్లని తడిగాలి, మధ్యలో ఆ అంచు. అది బండి వేగంతో కాదు, సైకిలు వేగంతో లోపలికి జరుగుతుంది. పదకొండింటికి తీరం దాటి, గంటకు పది పన్నెండు కిలోమీటర్ల చొప్పున వస్తే డెబ్బై కిలోమీటర్లకు ఎంత సేపు పడుతుందో చూసుకోండి. మీ ఊరికి వచ్చేలోపే సూర్యుడు దిగిపోతాడు, దాన్ని లాగే వేడి అయిపోతుంది. అప్పటికి ఆ గాలి కూడా దారిలో వేడెక్కి మామూలు గాలి అయిపోతుంది.

డాప్లర్ రాడార్ బొమ్మలో ఈ అంచు కొన్నిసార్లు సన్నటి గీతలా కనిపిస్తుంది. వాన ఉండదు, మబ్బూ ఉండదు. మరి రాడార్‌కు ఏం తగిలింది? ఎక్కువగా పురుగులు. పైకి లేచే గాలిలో చిక్కుకున్న చిన్న చిన్న పురుగులు ఆ అంచు వెంట పోగవుతాయి. మొదటిసారి చూసినప్పుడు మెషిన్ పాడైందనుకున్నాం.

---

బీచ్‌రోడ్ బాబు | మే 19, ఉదయం 9:30

అద్భుతం. కానీ నా రెండో ప్రశ్న మిగిలింది. మొన్న రెండు రోజులు గాలి ఎందుకు తిరగలేదు? ఎండ తక్కువేం కాదు, మామూలు కంటే ఎక్కువే. ఎండ ఎక్కువైతే సముద్రగాలి ఇంకా బలంగా రావాలి కదా!

---

పాత అబ్జర్వర్ | మే 19, ఉదయం 10:50

అసలు విషయానికి వచ్చారు. మీరు కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేశారు. ఎండ ఎక్కువైనా గాలి రాలేదు అనుకుంటున్నారు. గాలి రాలేదు కాబట్టి ఎండ ఎక్కువైంది.

కోస్తాలో మే నెల ఎలా ఉంటుందో తేల్చేది సూర్యుడు కాదు, పడమటి గాలి. నేల మీద నుంచి వాయవ్యమో పడమరో గంటకు పాతిక ముప్పై కిలోమీటర్లతో తోస్తుంటే, మాస్టారు లెక్కవేసిన ఆ ఒక్క హెక్టోపాస్కల్ దాన్ని వెనక్కి నెట్టలేదు. సముద్రగాలి పుడుతుంది, కానీ నీళ్ల మీదే ఆగిపోతుంది. పడమటి గాలి మరీ బలంగా లేకుండా మధ్యస్తంగా ఉంటే ఇంకో తమాషా. గాలి ఆలస్యంగా, రెండు మూడింటికి వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం తలుపులు టపటపా కొట్టుకుంటాయి, నిమిషాల్లో ఐదారు డిగ్రీలు పడిపోతుంది. రెండు గాలులూ ఎదురెదురుగా తోసుకోవడం వల్ల ఆ అంచు పదునెక్కుతుంది.

ఆ పడమటి గాలి ఎందుకంత వేడో కూడా చెప్పాలి. అది దక్కన్ పీఠభూమి మీద నుంచి దిగి వస్తుంది. కిందికి దిగే పొడిగాలి నలిగి కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. హైదరాబాద్ ఎత్తు 540 మీటర్ల దగ్గర. అక్కడ 38 డిగ్రీలున్న గాలిని యథాతథంగా సముద్ర మట్టానికి దింపితే 43 అవుతుంది, కొత్తగా ఎండ తగలకుండానే.

2015 మే చివర్లో జరిగింది ఇదే. వాయవ్య గాలులు వదలలేదు, సముద్రగాలి లోపలికి రాలేదు. దేశంలో 2 వేల మందికి పైగా పోయారు, అత్యధికులు ఆంధ్ర, తెలంగాణల వాళ్లే. తీరప్రాంతంలో 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే చాలు, వడగాడ్పు అంటారు. లోపలి మైదానాలకు ఆ గీత 40. తీరం వాళ్ల ఒళ్లు ఆ చల్లగాలికి అలవాటుపడి ఉంటుంది, పైగా తేమ.

---

రెంటచింతల ఎండ | మే 19, మధ్యాహ్నం 12:15

అదన్నమాట. 2015 గుర్తుంది. మా వీధిలో ఒకాయన పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, మళ్లీ లేవలేదు.

---

పాడేరు కాఫీ | మే 19, మధ్యాహ్నం 2:40

(మన్యం నుంచి నమస్కారం. ఇక్కడ సిగ్నల్ వచ్చినప్పుడే రాస్తాను.)

కొండల్లో దీనికి తమ్ముడు లాంటి గాలి ఒకటుంది. చలికాలం రాత్రి వాలు మీది గాలి నేలను ఆనుకుని చల్లబడి, బరువెక్కి, నీళ్లలాగే కిందికి పారుతుంది. లోయలో చేరి మడుగులా నిలబడుతుంది. అందుకే మా దగ్గర కొండ మీద ఇంటి కంటే కింద పల్లంలో ఉన్న ఇంటికి చలి ఎక్కువ. ఎత్తుకు పోతే చలి పెరుగుతుందని చదువుకున్న పిల్లలు సెలవులకు వచ్చి ఇది నమ్మరు.

లంబసింగి చలి ఇంతలా ఉండడానికి ఎత్తు ఒక్కటే కారణం కాదు, అది వెయ్యి మీటర్ల దగ్గరే కదా. చుట్టూ కొండలు, మధ్యలో నిలిచిన చల్లగాలి, పైన మూతలాగా కొంచెం వెచ్చటి గాలి. వంజంగి కొండ మీద నుంచి పొద్దున్నే మబ్బుల సముద్రం అని ఫొటోలు పెడతారు. ఆ సముద్రం ఈ చల్లగాలి మడుగే, పొగమంచుతో నిండినది. ఎనిమిది, తొమ్మిది గంటలకు ఎండ వాలు మీద పడగానే గాలి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది, మడుగు చిరుగుతుంది. ఆలస్యంగా లేచిన టూరిస్టులకు ఏమీ కనిపించదు, మమ్మల్ని తిడతారు.

---

ఫ్రీమాంట్ తెలుగమ్మాయి | మే 19, రాత్రి 11:48

కాలిఫోర్నియా నుంచి. ఇక్కడ సముద్రం చల్లన, లోపలి లోయ నిప్పుల కొలిమి. అందుకే వేసవిలో సముద్రగాలి గోల్డెన్ గేట్ దగ్గర కొండల సందులోంచి దూరి, ఆల్టమాంట్ కనుమ దాటి లోయలోకి పోతుంది. ఆ కనుమ నిండా గాలిమరలు. జూన్, జూలై సాయంత్రాల్లో డ్రైవ్ చేస్తే కారు పక్కకు నెట్టేస్తుంది.

అబ్జర్వర్ గారు చెప్పిన "దిగి వేడెక్కే గాలి" మాకూ ఉంది. శరదృతువులో ఈశాన్యం నుంచి కొండలు దిగి వస్తుంది, డయాబ్లో గాలి అంటారు. దెయ్యం అని అర్థం. 2017 అక్టోబరులో శాంటా రోసా వైపు ఊళ్లను కాల్చిన మంటలను తరిమింది అదే. విశాఖ పడమటి గాలి గురించి చదువుతుంటే దాని చుట్టమే అనిపించింది. మీకు వడదెబ్బ, మాకు కార్చిచ్చు.

---

మణికొండ మనిషి | మే 20, ఉదయం 7:55

దెయ్యం అంటే గుర్తొచ్చింది. ఎండాకాలం మా ఊరి బీడులో సుడిగాలి లేస్తే "దయ్యం గాలి, చెప్పు చూపించండి" అనేవారు. అది కూడా చిన్న సైజు తుఫానేనా? తుఫాను మన దగ్గర ఎప్పుడూ అపసవ్య దిశలోనే తిరుగుతుంది కదా, సుడిగాలి కూడా అంతేనా?

---

లెక్కల మాస్టారు | మే 20, ఉదయం 9:05

కాదు. సుడిగాలి ఎటైనా తిరుగుతుంది. నాలుగు సుడిగాలులు చూస్తే రెండు అటు, రెండు ఇటు ఉండొచ్చు. తుఫానును తిప్పేది భూభ్రమణం. అది పనిచేయాలంటే గాలి గంటల తరబడి, వందల కిలోమీటర్లు ప్రయాణించాలి. ఐదు మీటర్ల వెడల్పుతో మూడు నిమిషాలు బతికే సుడిగాలికి భూమి తిరుగుతోందన్న సంగతి కూడా తెలియదు. సింకులో నీళ్లు ఫలానా వైపే తిరుగుతాయన్నదీ ఇలాంటి మాటే.

ఇంకో తేడా. తుఫానుకు మబ్బు ప్రాణం, సుడిగాలికి మబ్బు అక్కర్లేదు. కాలిన నేల మీద గాలి గొట్టంలా లేస్తుంది. చుట్టుపక్కల నుంచి లోపలికి వచ్చే గాలిలో ఎంతోకొంత మెలిక ఉంటుంది కాబట్టి, దగ్గరవుతున్నకొద్దీ వేగం పెరుగుతుంది. తిరుగుతూ చేతులు ముడుచుకున్న పిల్లలాగా.

సముద్రగాలి మాత్రం ఈ రెండింటికీ మధ్య. ఏడెనిమిది గంటలు వీస్తుంది కాబట్టి భూభ్రమణం దాన్ని కొంచెం వంచుతుంది, మన అర్ధగోళంలో కుడికి. విశాఖ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఉంది, సముద్రం ఆగ్నేయాన. కాబట్టి ఉదయం ఆగ్నేయం నుంచి మొదలైన గాలి సాయంత్రానికి దక్షిణానికి, ఇంకా అటు నైరుతికి జరగాలి. బాబు గారూ, మీ మేడ మీద చూసి చెప్పండి.

---

బీచ్‌రోడ్ బాబు | మే 20, సాయంత్రం 6:20

చూశాను మాస్టారూ! అమ్మ పాత చీర ముక్క ఒకటి దండేనికి కట్టాను. 10:50కి గాలి తిరిగింది, చీర ముక్క ఇంచుమించు వాయవ్యం వైపు ఎగిరింది, అంటే గాలి ఆగ్నేయం నుంచి. ఇప్పుడు ఆరుంబావుకి దక్షిణం నుంచి, కాస్త నైరుతి కూడా కలిసింది. ఐదేళ్లుగా ఈ మేడ మీదే ఉన్నాను, ఒక్కసారీ గమనించలేదు. అమ్మను అడిగితే "సాయంత్రం పైరగాలి దక్షిణం నుంచేగా వచ్చేది, ఇందులో కొత్తేముంది" అంది.

ఇంకో సరదా. కింద పార్కింగ్‌లో ఫోన్ చూసి, మెట్లెక్కి ఇంట్లో చూస్తే 1.4 తగ్గింది.

---

లెక్కల మాస్టారు | మే 20, సాయంత్రం 6:41

పన్నెండు మీటర్లు ఎక్కారన్నమాట. ఎనిమిదిన్నర మీటర్లకు ఒక హెక్టోపాస్కల్. చూశారా, మీరు నాలుగు అంతస్తులు ఎక్కితే తగ్గేంత కూడా లేదు, ఆ సముద్రగాలినంతా కదిలించే తేడా.

---

గచ్చిబౌలి గాలిపటం | మే 20, రాత్రి 9:10

హైదరాబాద్ వాళ్లకు సముద్రం లేదు, కానీ సాయంత్రం గాలిదుమారం ఉంది. నిన్న ఐదింటికి 40 డిగ్రీలు. పడమర నల్లగా మూసుకుంది. వాన చుక్క పడకముందే చల్లగాలి కొట్టింది, మట్టి వాసన, హోర్డింగు ఒకటి వంగింది. ఇరవై నిమిషాల్లో 27. మా సొసైటీ మామిడి చెట్టు కాయలన్నీ పార్కింగ్‌లో. బాబు గారి చర్చ చదివి నేనూ ఫోన్ చూశాను. పీడనం తగ్గుతుందనుకుంటే, గాలి కొట్టగానే రెండు హెక్టోపాస్కల్స్ *పెరిగింది*. గాలివాన అంటే అల్పపీడనం కదా?

---

పాత అబ్జర్వర్ | మే 21, ఉదయం 6:05

భేష్. చాలామంది ఇది గమనించరు. టీవీలో క్యుములోనింబస్ అంటారే, ఆ ఉరుముల మబ్బు కింద ఏర్పడేది చిన్న అధికపీడనం. వాన చినుకులు పడుతూ దారిలో కొంత ఆవిరైపోతాయి, ఆవిరవడానికి గాలిలోంచే వేడి లాక్కుంటాయి. చల్లబడిన గాలి బరువెక్కి నేల మీద ధబీమని పడి, బకెట్ నీళ్లు కుమ్మరించినట్టు అన్ని వైపులా పరుచుకుంటుంది. మీకు ముందు తగిలిన చల్లగాలి ఆ నీటి అంచు. మట్టి వాసన పక్క పేటలో అప్పటికే పడిన వానది. పీడనం పెరిగిందంటే మీరు ఆ బరువైన చల్లగాలి కింద ఉన్నారని.

1975లో న్యూయార్క్‌లో ఒక విమానం దిగబోతూ ఇలాంటి గాలిలో చిక్కుకుని కూలింది. టెట్సుయా ఫుజిటా అనే శాస్త్రవేత్త దాన్ని పరిశీలించి, మబ్బులోంచి గాలి ఇంత బలంగా కిందికి పడగలదని వాదించాడు. మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. నాలుగు కిలోమీటర్ల లోపు వెడల్పున్నదాన్ని ఆయనే మైక్రోబరస్ట్ అన్నాడు. విమానానికి ముందు ఎదురుగాలి తగులుతుంది, క్షణాల్లో అది వెనక గాలి అయిపోతుంది. అదే ప్రమాదం.

ఈ చల్లగాలి అంచు వెళ్లి వెళ్లి సముద్రగాలి అంచుకు తగిలితే, ఆ రెండూ కలిసిన చోట కొత్త మబ్బు లేస్తుంది. చెన్నైలో ఆగస్టు, సెప్టెంబరు రాత్రి వానలకు ఇలాంటివి చాలాసార్లు కారణం.

---

మణికొండ మనిషి | మే 21, ఉదయం 8:30

సార్, ఒక్క డౌట్. ఇవన్నీ ఇంత బాగా తెలిసినప్పుడు "హైదరాబాద్‌లో అక్కడక్కడా వర్షాలు" అని ఎందుకు చెబుతారు? మా వీధిలో పడుతుందా లేదా చెప్పొచ్చుగా!

---

పాత అబ్జర్వర్ | మే 21, ఉదయం 9:12

ముప్పై ఏళ్లు ఈ ప్రశ్న పెళ్లిళ్లలో కూడా తప్పలేదు. మీరు గిన్నెలో నీళ్లు పెట్టి స్టవ్ వెలిగించండి. మరుగుతాయని చెప్పగలను, ఎన్ని నిమిషాలకో కూడా చెప్పగలను. మొదటి బుడగ ఎక్కడ లేస్తుందో చెప్పలేను. తుఫాను ఐదొందల కిలోమీటర్ల జంతువు, దాన్ని రోజుల ముందు చూస్తాం. మీ వీధి మబ్బు పది కిలోమీటర్లు, బతుకు గంట. లేచాక రాడార్‌లో చూసి, అరగంట ముందు చెప్పగలం.

---

ఉప్పాడ కెరటం | మే 21, మధ్యాహ్నం 12:40

పెద్దదాని సంగతి వచ్చింది కాబట్టి. మా చిన్నాన్న హుద్‌హుద్ తుఫాను రోజు విశాఖలో ఉన్నాడు, 2014 అక్టోబరు 12. ఉదయం నుంచి గాలి ఒక దిక్కు నుంచి చావగొట్టింది. మధ్యాహ్నం ప్రాంతంలో ఒక్కసారిగా ఆగింది. జనం తుఫాను పోయిందని రోడ్ల మీదికి వచ్చారు. ఈయన మాత్రం "తుఫాను నడిమధ్య కన్ను ఇది, లోపలికి పదండి" అని అరిచాడట. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది.

సముద్రంలో మాకు నేర్పేది ఒకటే. గాలికి వీపు పెట్టి నిలబడు, ఎడమ చెయ్యి చాపు, తుఫాను అటుంది.

---

లెక్కల మాస్టారు | మే 21, మధ్యాహ్నం 1:25

దానికి బాయిస్ బాలట్ సూత్రం అని పేరు, 1857 నాటిది. ఉత్తరార్ధగోళంలో మాత్రమే చెయ్యి ఎడమది. సముద్రగాలికి, సుడిగాలికి ఈ సూత్రం వాడకండి, పనిచేయదు. కారణం పైన చెప్పాను.

అబ్జర్వర్ గారి పడమటి గాలికి ఇది చక్కగా సరిపోతుంది చూడండి. బంగాళాఖాతంలో తుఫాను మనల్ని తప్పించుకుని బంగ్లాదేశ్, మయన్మార్ వైపు పోతుంటే తూర్పున అల్పపీడనం ఉన్నట్టు. వీపున ఉత్తరపు గాలి, వాయవ్యపు గాలి తగలాలి. తగులుతుంది. వాన వాళ్లకు, వడగాడ్పు మనకు. 2023 మేలో మోచా తుఫాను మయన్మార్ తీరం దాటిన రోజుల్లో కోస్తా ఎలా ఉడికిందో గుర్తు తెచ్చుకోండి.

---

బీచ్‌రోడ్ బాబు | మే 23, రాత్రి 8:15

రెండు రోజులుగా రాయలేదు, క్షమించాలి. నిన్న గాలి వేళకు తిరగలేదు. పదకొండు, పన్నెండు, ఒంటిగంట, చీర ముక్క సముద్రం వైపే ఎగురుతోంది. 41 డిగ్రీలు. పక్క ఫ్లాట్ తాతగారికి కళ్లు తిరిగితే ఓఆర్ఎస్ తాగించి, తడి తువ్వాలు చుట్టి, ఫ్యాను కింద పడుకోబెట్టాం. ఇప్పుడు బాగున్నారు. 3:50కి నేను మేడ మీదే ఉన్నాను. చీర ముక్క ఒక్కసారి కిందికి వేలాడింది. రెండు నిమిషాలు అలాగే ఉంది. తర్వాత ఫట్‌మని ఇటు తిరిగింది. అబ్జర్వర్ గారు చెప్పినట్టే కింద ఎవరిదో తలుపు దబీమంది. నాలుగుంబావుకల్లా 35.

కిందికి పరిగెత్తి అమ్మకు చెప్పాను, పీఠభూమి గాలి, ఒక హెక్టోపాస్కల్, అంచు, అన్నీ. మొత్తం విన్నది.

"సరే గానీ, వడియాలు తీశావా?" అంది.

తియ్యలేదు.